ఆంగ్ల అధ్యయనానికి తెలుగు పునాది



తెలుగు మాధ్యమంలో చదివిన బిడ్డ విశ్వవిద్యాలయంలో ఆంగ్లం చదువగలడా అన్న సందేహం నేడు ప్రతి ఇంటా వినవస్తున్నది. అక్కడ వాక్యనిర్మాణం, పదార్థవిచారం, వాక్యాలు ప్రసంగంగా కూడుకొనే తీరు బోధిస్తారు. ఈ మూడింటికీ మన భాష అక్కరకు వస్తుంది.

“వాన కురుస్తోంది” అన్నదానిని ఆంగ్లేయులు “ఇట్ ఈజ్ రెయినింగ్” అంటారు. ఆ “ఇట్” ఏ వస్తువునూ సూచించదు; కర్తృస్థానం శూన్యంగా ఉండరాదన్న నియమం వల్ల వచ్చి చేరింది. 1957లో నోమ్ చామ్‌స్కీ “సింటాక్టిక్ స్ట్రక్చర్స్” వెలువడిన పిమ్మట వాక్యశాస్త్రం ఇట్టి నియమాల అన్వేషణగా విస్తరించింది.

“మనము”, “మేము” అన్న భేదం తెలుగులోనూ, మన పొరుగు భాషయైన తమిళంలోనూ ఉన్నది. ఆంగ్లపు “వుయ్”లో లేదు. వినేవారు అందులో చేరిరో లేదో సందర్భమే తేల్చవలెను. “వచ్చి, తిని, వెళ్ళాడు” అని మనము అసమాపక క్రియలతో అల్లేదానిని ఆంగ్లం తరచుగా “అండ్”తో ముడివేస్తుంది. ఇట్టి ముడులనే హాలిడే, హసన్‌లు 1976లో “కొహీషన్ ఇన్ ఇంగ్లీష్” గ్రంథంలో సవిస్తరంగా వర్గీకరించారు.

ఒకే భాష ఎరిగినవారికి ఇవి సహజమని తోచి, ప్రశ్నలుగా స్ఫురించడం అరుదు. రెండు భాషలు ఎరిగిన మన పిల్లలకు ఆ ప్రశ్నలు ముందే ఎదురవుతాయి. కనుక తల్లిదండ్రులకు నా విన్నపం: ఆంగ్లం శ్రద్ధగా నేర్పించండి, అందుకోసం తెలుగును మాన్పించకండి.