బండ మీద మన హక్కు
(గచ్చిబౌలిలో మహిళా ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బండలెక్కడం గురించి మాట్లాడతానంటే "హక్కుల సభలో ఈ ఆటల గొడవేమిటి?" అని కొందరు మిత్రులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కూలి రేట్లు, వరకట్నం, ఇంట్లో హింస, మాట్లాడాల్సినవి ఎన్నో ఉన్నాయి. అయితే స్త్రీ తన శరీరాన్ని ఎంతవరకు నమ్ముకోవచ్చు, ఎక్కడికి వెళ్ళవచ్చు, ఎంత ప్రమాదాన్ని తనంతట తాను తలకెత్తుకోవచ్చు అన్నవి ఎవరు నిర్ణయిస్తున్నారు? ఇది కూడా హక్కుల ప్రశ్నే.

ముందు ఆ పనేమిటో చూద్దాం. నిటారుగానో, మన మీదికి ఒరిగినట్టో ఉండే బండకు కొన్ని అడుగులకొకటి చొప్పున రంధ్రాలు తొలిచి ఇనుప బోల్టులు బిగిస్తారు. ఎక్కే మనిషి నడుముకు కట్టుకున్న తాడును ఒక్కొక్క బోల్టుకూ తగిలించుకుంటూ పైకి పోతుంది. కింద ఇంకొకరు ఆ తాడు పట్టుకుని ఉంటారు. చేయి జారితే, చివరి బోల్టు దాటి ఎంత ఎత్తు పోయామో దానికి రెండింతలు, తాడు సాగినంత అదనంగా కిందికి పడతాం. తాడు ఆపుతుంది. మళ్ళీ మొదలుపెడతాం.

మన ఖాజాగూడ, దుర్గం చెరువు గుండ్ల మీద తాడు లేకుండా, కింద పరుపు వేసుకుని ఎక్కే చిన్న ఎక్కుళ్ళే ఎక్కువ. ఒరిగిన పొడవాటి దారులు కావాలంటే ఇక్కడివాళ్ళు కర్ణాటకలోని బాదామి ఇసుకరాతి గోడలకు వెళతారు.

అటువంటి గోడ మీద మొదట ఓడిపోయేది ముంజేయి. గట్టిగా పట్టుకున్నకొద్దీ కండ బిగిసి రక్తనాళాలను నొక్కేస్తుంది. రక్తం సరిగ్గా ఆడదు. చేయి ఉబ్బి రాయిలా అవుతుంది, వేళ్ళు వాటంతట అవే విచ్చుకుంటాయి. దీన్నే 'పంప్ అవడం' అంటారు. దీనికి మందు ఇంకా గట్టిగా పట్టుకోవడం కాదు. చేతులు చాచి ఉంచి, నడుము బండకు దగ్గరగా తెచ్చి, బరువు కాళ్ళ మీద వేయాలి. నిలదొక్కుకునే చోటు దొరికితే ఒక్కొక్క చేయీ కిందికి దించి విదిలించాలి. అంటే ఇది ఒట్టి కండబలం ఆట కాదు.

అందుకే ఆడవాళ్ళకిది చేతకాదన్న మాట నిలబడలేదు. అమెరికాలోని యోసెమిటీలో ఎల్ కాపిటన్ అనే మహాశిల మీద 'నోస్' అనే దారి ఉంది. తాడు మీద బరువు వేయకుండా, చేతులూ కాళ్ళతోనే దాన్ని మొదటిసారి పూర్తిచేసింది లిన్ హిల్, 1993లో. అంతకు ముందు ఎందరో మగవాళ్ళు ప్రయత్నించి వదిలేసిన దారి అది. మరుసటి ఏడాది ఆమే దాన్ని ఒక్క రోజులో ఎక్కింది.

అంత దూరం ఎందుకు? నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ వ్యవసాయ కూలీల బిడ్డ, గిరిజన బాలిక. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ భువనగిరి బండ మీద ఎక్కడం నేర్చుకుంది. 2014 మే 25న ఎవరెస్టు శిఖరం మీద నిలబడింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ళు నిండలేదు. పాకాలలో ఉన్న శక్తి మిగతా ఊళ్ళ ఆడపిల్లల్లో లేదా? ఉంది. పూర్ణకు దొరికినవి బడి, తిండి, శిక్షణ, "వెళ్ళు" అన్న మాట. మిగతావాళ్ళకు దొరకనివీ అవే.

మన పెంపకంలో ఆడపిల్లకు మొదట నేర్పేది పడకుండా ఉండటం. ముల్లు ఆకు మీద పడ్డా, ఆకు ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకేనని సామెత. మగవాడు పడితే లేచాడా అని అడుగుతారు. ఆడది పడితే 'పతిత' అని పేరు పెడతారు. బోల్టుల దారి మీద పడటం తప్పు కాదు, నేర్చుకోవడంలో భాగం. తనను పట్టే తాడు ఉందని తెలిసిన మనిషే ధైర్యంగా పై పట్టుకు చేయి చాస్తుంది. మనం సమాజాన్ని అడుగుతున్నది ఆ తాడునే. "ప్రమాదం, ఇంట్లో కూర్చో" అనడం రక్షణ కాదు, నిర్బంధం.

అయితే తాడు పట్టేవాళ్ళ మీద నమ్మకం ఉండాలి. నడుము పట్టీ బిగించే నెపంతో ఒంటి మీద చేతులు వేసే శిక్షకుణ్ణి భరించాల్సిన పని లేదు. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013 ఇచ్చిన నిర్వచనంలో క్రీడా శిక్షణ సంస్థలు, మైదానాలు, పోటీ స్థలాలు ఉన్నాయి. ఉద్యోగం పని మీద వెళ్ళిన చోటు, కంపెనీ ఏర్పాటు చేసిన వాహనం కూడా పని ప్రదేశమే. కాబట్టి మీ కంపెనీ జట్టు మొత్తాన్ని బండల దగ్గరికి తీసుకెళ్ళినప్పుడు అక్కడ జరిగిన దానికి "ఆఫీసు బయట కదా" అంటే ఒప్పుకోకండి. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండి తీరాలి, దాని అధ్యక్షస్థానంలో స్త్రీ ఉండాలి. పదిమంది కన్నా తక్కువైతే జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్ళవచ్చు. ఫిర్యాదుకు గడువు మామూలుగా మూడు నెలలు.

ఇక ఎక్కడానికి అసలు బండలు మిగలాలి కదా. ఈ గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తర్వాత ఈ పాతికేళ్ళలో ఎన్ని గుట్టలు పిండి అయ్యాయో ఈ దారిన వచ్చేవాళ్ళందరికీ తెలుసు. వాటిని కాపాడాలని 1996 నుంచీ 'సొసైటీ టు సేవ్ రాక్స్' పోరాడుతోంది. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో బుల్డోజర్లు దిగినప్పుడు హైదరాబాద్ విశ్వవిద్యాలయ విద్యార్థినులూ విద్యార్థులూ అడ్డం నిలిచారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పని ఆపించింది. ఉమ్మడి నేల గోడల వెనక్కి పోతే డబ్బున్నవాళ్ళకు క్లబ్బులూ జిమ్ములూ ఉంటాయి. హాస్టల్ గదిలో నలుగురితో సర్దుకునే అమ్మాయికి మిగిలేది ఏమిటి?

ఇంకొక మాట. బండతో స్త్రీల సంబంధం మనతో మొదలుకాలేదు. వడ్డెర స్త్రీలు తరతరాలుగా రాయి కొట్టారు, మోశారు. ఈ అద్దాల మేడల పునాదుల్లో వాళ్ళ చెమట ఉంది. వాళ్ళ శ్రమను ఎవరూ సాహసం అనలేదు, వాళ్ళ నడుముకు తాడూ కట్టలేదు. మన ఆట కోసం భద్రత అడిగే నోటితోనే వాళ్ళ పనిలో భద్రత అడగకపోతే మన మాటకు విలువ లేదు.

కాబట్టి మన కోరికలు ఇవి. మిగిలిన గుట్టలను అందరికీ తెరిచి ఉంచాలి. ప్రతి శిక్షణ బృందంలోనూ తాడు పట్టడం నేర్చిన స్త్రీలు ఉండాలి. గురుకులాల్లో ఇచ్చిన శిక్షణ మామూలు ప్రభుత్వ బడుల ఆడపిల్లలకూ అందాలి. రాయి కొట్టే చోటా, భవనం కట్టే చోటా తలకు హెల్మెట్, నడుముకు తాడు స్త్రీలకు కూడా ఇవ్వాలి. ఇందులో దయగా ఇవ్వాల్సింది ఏదీ లేదు.