జ్వరం వచ్చిన తేదీ, విమానం దిగిన తేదీ

(అరకు లోయలో ఉమ్రా యాత్రికుల కుటుంబాలు, గల్ఫ్ దేశాల నుంచి తిరిగివచ్చిన కార్మికులు పాల్గొన్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వైద్యుణ్ణి కాను. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ పొందినవాణ్ణి. రోగులకు తోడుగా పీహెచ్‌సీకి, ఏరియా ఆసుపత్రికి, విశాఖపట్నంలోని కేజీహెచ్‌కు తిరుగుతూ, వైద్యులను అడిగి తెలుసుకొన్న విషయాలనే మీ ముందుంచుతున్నాను.

మన కొండలలో జ్వరం అనగానే అందరి నోటా వచ్చే మాట మలేరియా. మన్యం జ్వరం పేరు చెబితే పూర్వం మైదాన ప్రాంతపు ఉద్యోగులు ఏజెన్సీ బదిలీకే జంకేవారు. ఆ భయం అకారణమైనది కాదు. ప్రాణాంతకమైన ఫాల్సిపారం రకం నేటికీ ఈ కొండలను విడిచిపోలేదు. కనుక ఆశా కార్యకర్త వేలి నుంచి రక్తపు చుక్క తీసి చేసే పరీక్ష మొట్టమొదట జరగవలసిందే. చిక్కు ఆ తరువాత మొదలవుతుంది. మలేరియా లేదని తేలగానే "వైరల్ జ్వరంలే" అని ఒక నొప్పి సూది వేసి పంపివేస్తారు. ఆ రోగి వారం క్రితం జిద్దాలో ఉన్నాడా, మలేషియాలో ఉన్నాడా అని అడిగేవారు అరుదు. రోగి తానుగా చెప్పడం అంతకంటె అరుదు.

జిద్దాలో డెంగీ వైరస్‌ను 1994లోనే గుర్తించారు. జిద్దా, మక్కా ప్రాంతాలలో ఆ వ్యాధి అప్పటి నుంచి కనిపిస్తూనే ఉంది. 2000 సంవత్సరంలో సౌదీ అరేబియాలోని జాజాన్ ప్రాంతంలో రిఫ్ట్ వ్యాలీ జ్వరం చెలరేగింది. దోమల వల్లనూ, జబ్బుపడిన పశువుల రక్తమాంసాల వల్లనూ సోకే ఆ వ్యాధి ఆఫ్రికా ఖండాన్ని, దాని దీవులను దాటి రావడం అదే ప్రథమం. ఆఫ్రికా దేశాలకు పనికి వెళ్ళేవారికి పచ్చజ్వరం భయం ఉన్నది. ఆగ్నేయాసియా దేశాలలో డెంగీ సర్వసాధారణం. మన వాళ్ళు వెళ్ళివచ్చే మార్గాలన్నిటా ఏదో ఒక దోమ వైరస్ ఉన్నదన్నమాట.

మరి రోగి ఎందుకు చెప్పడు? ఈ సభలో కూర్చున్న వారికి కారణం నేను వివరించనక్కరలేదు. 2020లో ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ పేరుతో దేశమంతటా జరిగిన ప్రచారం మన గుండెల్లో నిలిచిపోయింది. టోపీ పెట్టుకొన్నవాడు దగ్గితే పక్కకు తప్పుకొన్న రోజులవి. విదేశాల నుంచి వచ్చిన తబ్లీగీ సభ్యులపై పెట్టిన కేసులను బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు ధర్మాసనం అదే సంవత్సరం ఆగస్టులో కొట్టివేసింది. వారిని బలిపశువులను చేశారని అభిప్రాయపడింది. తీర్పు వచ్చింది గాని భయం పోలేదు. నేను తోడు వెళ్ళిన ఒక యువకుడు ఓ ప్రైవేటు ఆసుపత్రిలో "ఎక్కడికీ వెళ్ళలేదు" అన్నాడు. గల్ఫ్ నుంచి వచ్చి ఆరు రోజులే అయింది. బయటకు వచ్చాక అడిగితే, "చెబితే రోగం నేనే తెచ్చానంటారు చాచా" అన్నాడు. అతడిని నేను మందలించలేకపోయాను.

అయినా చెప్పక తప్పదు. ఎందుకు తప్పదో కాస్త నిదానంగా చూద్దాం. ఉమ్రా ముగించుకొన్న ఒక మనిషి జిద్దాలో విమానమెక్కి శంషాబాద్‌లో దిగాడు. మరునాడు రైలులో విశాఖపట్నం, అక్కడ బంధువుల ఇంట రెండు రాత్రులు, ఆపైన కిరండూల్ ప్యాసింజరులో అరకు. ఇల్లు చేరిన రెండో రోజున జ్వరం, కళ్ళ వెనుక నొప్పి. డెంగీ వైరస్ దోమకాటు తరువాత సాధారణంగా 4 నుంచి 10 రోజులలో, మహా అయితే 14 రోజులలో బయటపడుతుంది. కనుక ఈ జ్వరం జిద్దాలో అంటినది కావచ్చు, దారిలో హైదరాబాదులో అంటినదీ కావచ్చు. అరకులో కుట్టిన దోమ వల్ల మాత్రం రాలేదు. ఫాల్సిపారం మలేరియాకైనా కాటు తరువాత వారం రోజులు కావాలి. అదే జ్వరం తిరిగివచ్చిన ఇరవై రోజులకు వస్తే జిద్దా డెంగీని పక్కన పెట్టవచ్చు, అప్పుడు అరకు మలేరియా ముందుకు వస్తుంది. ఇంత తేడా తెచ్చేవి రెండే రెండు తేదీలు. ఫైళ్ళపై తేదీలు వేస్తూ జీవితం గడిపిన నాకు, ఆ అంకెలకు ఇంత విలువ ఉన్నదని ఆసుపత్రి బల్లపై కూర్చున్నాకనే తెలిసింది.

పరీక్ష ఎంపికకు కూడ తేదీయే ఆధారం. జ్వరం వచ్చిన మొదటి అయిదు రోజులలో డెంగీకి ఎన్‌ఎస్1 పరీక్ష, లేదా వైరస్‌నే పట్టుకొనే ఆర్‌టీ-పీసీఆర్ చేయాలి. ఐజీఎం అనే ప్రతిరక్షక పరీక్ష సుమారు అయిదో రోజు తరువాతనే పలుకుతుంది. రెండో రోజున ఐజీఎం చేసి "డెంగీ లేదు" అని రాసిన కాగితానికి విలువ లేదు. పూర్వం ఒకసారి డెంగీ వచ్చినవారిలో ఎన్‌ఎస్1 కూడ తప్పిపోవచ్చు. మరొక మెలిక ఉన్నది. డెంగీ, జికా, జపనీస్ మెదడువాపు, పచ్చజ్వరం వైరస్‌లు దాయాదులు. ఒకదానికి చేసిన ఐజీఎం మరొకదానికీ పలుకుతుంది. ఆఫ్రికా వెళ్ళేముందు పచ్చజ్వరం టీకా వేయించుకొన్నవారు ఆ పసుపుపచ్చ పుస్తకాన్ని వైద్యునికి చూపించాలి. గర్భిణి గాని, గర్భిణి భర్త గాని జికా ఉన్న దేశం నుంచి వస్తే ఆ సంగతి తప్పక చెప్పాలి. ఆ వైరస్ కడుపులోని బిడ్డ మెదడును దెబ్బతీస్తుంది, దాంపత్యం ద్వారా కూడ సోకుతుంది.

చేతిలో పెట్టే కార్డు పరీక్షతో ఆగిపోవద్దు. ఎలైజా పరీక్ష చేసే ప్రభుత్వ కేంద్రాలకు పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ ఐజీఎం కిట్లు పంపుతుంది. విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో వైరస్ నిర్ధారణ ప్రయోగశాల ఉన్నది. రోగి అంత దూరం కదలలేకపోతే రక్తపు నమూనానైనా పంపమని అడగండి. అడగడం మీ హక్కు. జాతీయ మానవ హక్కుల సంఘం రూపొందించిన రోగుల హక్కుల పత్రం మతం కారణంగా వివక్ష కూడదంటుంది, రోగి వివరాలను గోప్యంగా ఉంచాలంటుంది, నివేదికలు రోగికి ఇవ్వాలంటుంది. ప్రయాణ వివరం వైద్యుని చెవికే గాని వరండాలో నిలబడ్డ జనానికి కాదు. సిబ్బంది దానిని బిగ్గరగా చాటితే, రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. అర్జీ రాయడం రాకపోతే నా వద్దకు రండి, ఆ పని ఇంకా మరిచిపోలేదు.

నివేదిక వచ్చేలోగా పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటివి వద్దు. అది డెంగీ అయితే అవి రక్తస్రావానికి దారితీస్తాయి. జ్వరం తగ్గిన రోజున ఇంటివారు ఊపిరి పీల్చుకొంటారు. డెంగీలో ప్రమాదం తరచు ఆ రోజునే మొదలవుతుంది. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మగత కనిపిస్తే తెల్లవారేదాకా ఆగవద్దు. లోపలి గ్రామాలలో డోలీ కట్టి రోడ్డుదాకా మోయడానికే గంటలు పడుతుంది.

ఇక ఇరుగుపొరుగు మాట. 1960ల నడుమ విశాఖపట్నం, రాజమండ్రి, కాకినాడలను బాధించిన చికున్‌గున్యా తరువాత మూడు దశాబ్దాలకు పైగా దేశంలో కనుమరుగైంది. 2005లో ఆంధ్రప్రదేశ్‌లో మళ్ళీ తలెత్తింది. ఈసారి వచ్చినది తూర్పు ఆఫ్రికా, హిందూ మహాసముద్ర దీవులను చుట్టిన రకం. 2006లో దేశంలో సుమారు 14 లక్షల అనుమానిత కేసులు లెక్కకు వచ్చాయి. మరుసటి సంవత్సరం కేరళ నుంచి వెళ్ళిన ఒక వ్యక్తి ద్వారా ఇటలీలోని రెండు పల్లెలకు పాకి రెండు వందల మందికి పైగా మంచాన పడ్డారు. అక్కడ దానిని మోసిన పులిదోమ వెదురు మొదళ్ళలో, చెట్టు తొర్రలలో నిలిచిన నీటిలోనూ పెరుగుతుంది. మన కాఫీ తోటల చుట్టూ వాటికి కొదవ లేదు. అందుచేత జ్వరపడినవాడు మొదటి వారం పగటిపూట కూడ దోమతెరలో పడుకోవాలి. ఈ దోమలు కుట్టేది పగలే. అతని దుకాణానికి సంత రోజున వచ్చే గిరిజన సోదరుల ఊళ్ళకు ఆ వైరస్ చేరకుండా ఉండడానికి మనం చేయగలిగినది అది.

మసీదు కమిటీవారికి ఒక మనవి. వుజూ హౌజు నీరు పైకి శుభ్రంగా కనిపిస్తుంది; ఏడిస్ దోమకు కావలసినది అటువంటి నీరే. ప్రతి గురువారం హౌజును ఖాళీ చేసి, అంచులను బ్రష్‌తో రుద్ది, ఒక పూట ఎండనిచ్చి, జుమాకు ముందు నింపండి. గోడలకు అంటుకొన్న గుడ్లు నీరు తీసివేసినంత మాత్రాన పోవు. ఈ గురువారం అసర్ తరువాత నేను టార్చిలైటుతో వస్తాను, ఇద్దరు కుర్రవాళ్ళు నాతో ఉంటే చాలు.