పొద్దున పది నిమిషాలు, కాంటా దగ్గర

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సమాఖ్య కొనుగోలు కేంద్రం ఇన్‌చార్జి చేసిన ప్రసంగం)



మా గ్రామ సమాఖ్య వానాకాలం, యాసంగి రెండు సీజన్లలోనూ వడ్ల కొనుగోలు కేంద్రం నడుపుతుంది. కమిటీలో ఐదుగురం ఉన్నాం. ఒకరు తేమ చూస్తారు, ఒకరు సంచుల లెక్క, ఒకరు కాంటా దగ్గర, ఒకరు ట్యాబ్‌లో ఎంట్రీ. నేను ఇన్‌చార్జిని. లారీలు, మిల్లు, ఆఫీసు సంగతులు నావి. ఎన్ని క్వింటాళ్లు కొన్నామో ఈ నివేదికలో అచ్చవుతుంది, అది మీరు చూసుకుంటారు. నేను మాత్రం మేం చేసిన ఒక తప్పు గురించి, ఆ తర్వాత నేర్చుకున్న ఒక చిన్న పని గురించి చెప్తాను.

2024-25 యాసంగిలో మా సంఘం సభ్యురాలే ఒకామె వడ్లు తెచ్చి పోసింది. కౌలుకు చేసుకునే మనిషి, ఒంటరి ఆడది. కల్లంలో ఆమెకు దొరికిన జాగా కొంచెం పల్లం. తేమ 17 శాతం దాటకూడదని మీకందరికీ తెలుసు. నాలుగు రోజులు ఎండబోస్తే ఒకనాటి సాయంత్రం తేమ 17కు వచ్చింది. తేమ చూసే చెల్లె తన నోటుబుక్కులో రాసుకుంది. "రేపు పొద్దుగాల నీదే కాంటా" అని ఆమెకు చెప్పింది.

ఆ రాత్రి ఆ చెల్లె కొడుకుకు జ్వరం వచ్చింది. పట్నం దవాఖానకు పోతూ నాకు ఫోన్ చేసి, రేపు రానని చెప్పింది. నేను సరే పిల్లా, పో అన్నాను. నీ దగ్గర ఏ పని ఆగి ఉందని అడగలేదు. తెల్లారి నేను లారీ కోసం మిల్లుకు పోయాను. తేమ మిషన్ ఇంకో అక్క పట్టుకుంది. నోటుబుక్కు చూస్తే గదా తెలిసేది! అది ఆ చెల్లె సంచిలోనే పోయింది. ఆమె వచ్చి అడిగితే, "నీ పేరు నాకు చెప్పలే, మళ్లీ చూడాలె, వరుసల ఉండు" అన్నారు. సంచులు వేరే రైతుకు ఇచ్చేశారు. సాయంత్రమైంది. ఆమె వడ్లు అక్కడే ఉన్నాయి.

రాత్రి వాన కొట్టింది. పైన టార్పాలిన్ కప్పింది గానీ పల్లం జాగా కాబట్టి నీళ్లు కింది నుంచి దూరాయి. తర్వాత మూడు రోజులు మబ్బు వీడలేదు. కుప్ప తీసి చూస్తే అడుగున మొలకలు. 12 సంచుల వడ్లు పోయాయి. సంచికి 40 కిలోల లెక్కన 4 క్వింటాళ్ల 80 కిలోలు. ఏ గ్రేడు మద్దతు ధర అప్పుడు 2,320 రూపాయలు. అంటే 11,136 రూపాయలు. మేం ఐదుగురం తలా వెయ్యి వేసుకొని 5,000 ఇచ్చాం. మిగిలింది ఆమెకే నష్టం.

ఆమె మమ్మల్ని తిట్టలేదు. "మీరు ఐదుగురున్నరు. ఐదుగురూ మంచోళ్లే. కానీ నా వడ్ల సంగతి ఒక్కరికన్నా పూర్తిగ తెల్వదు" అన్నది. ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

ఆలోచిస్తే ఆ రోజు ఎవరూ పని ఎగ్గొట్టలేదు. ఎవరి పని వాళ్లు చేశాం. ఒకరికి తెలిసింది ఇంకొకరికి చేరలేదు, అంతే. అందుకని రోజూ పొద్దున పని మొదలుపెట్టే ముందు అందరం కలిసి మాట్లాడుకుందామని అనుకున్నాం.

మొదట్లో అదీ సరిగ్గా కుదరలేదు. చాయ్ తెప్పించుకొని కుర్చీల్లో కూర్చున్నాం. ముప్పావు గంట పట్టింది. నేనొక్కదాన్నే మాట్లాడాను. నడుమ నిన్న నువ్వు లేటుగా వచ్చావంటే నువ్వు తొందరగా పోయావని కయ్యం. బయట హమాలీలు, రైతులు ఎదురుచూస్తున్నారు. నాలుగో రోజు హమాలీ మేస్త్రీ, "అమ్మా, మీ మీటింగుల మా కూలి పోతున్నది" అన్నాడు. నిజమే కదా.

అప్పుడు పద్ధతి మార్చాం. ఇప్పుడు ఏడున్నరకు కాంటా దగ్గర నిలబడి మాట్లాడుకుంటాం. నిలబడితే ముచ్చట దానంతట అదే తగ్గుతుంది. పది నిమిషాలే. ఒకరు రాలేదని ఆగం. మేస్త్రీని కూడా పిలుస్తాం, ఎందుకంటే సంచులు ఎత్తేది వాళ్లే. మాట్లాడేది నాలుగు సంగతులే.

ఒకటి, నిన్నటి పనిలో ఏం మిగిలింది? తేమ చూసి ఆగిన కుప్పలు, కాంటా అయి లారీ ఎక్కని సంచులు, ట్యాబ్‌లో ఎక్కని పేర్లు.

రెండు, ఈ రోజు ఎవరి కుప్పలు, ఏ వరుసలో? ఆ పేర్లు బోర్డు మీద రాస్తాం. నోటుబుక్కు ఒకరికే కనిపిస్తుంది, బోర్డు అందరికీ కనిపిస్తుంది.

మూడు, ఎవరు ఏ పని? రాని మనిషి పని ఎవరు చేయాలి? రాలేని వాళ్లు ఫోన్ చేసినప్పుడు "ఎందుకు రావు" అని గాక "నీ దగ్గర ఏం ఆగింది" అని అడగాలని నియమం పెట్టుకున్నాం.

నాలుగు, ఈ రోజు ఏం అడ్డం రావచ్చు? వాన సూచన ఉందా, సంచులు సరిపోతాయా, లారీ వస్తుందా, టార్పాలిన్లు ఎన్ని, పల్లంలో ఎవరి కుప్పలున్నాయి?

ఇవి అయ్యాక ఎవరి పని వాళ్లు తమ నోటితో తిరిగి చెప్పాలి. నేను "అర్థమైందా?" అంటే అందరూ తల ఊపుతారు. తల ఊపితే నాకేం తెలుస్తుంది? ఒకసారి నేను, ముందు పల్లంలో కుప్పలకు సంచులు ఇయ్యాలె అని చెప్పాను. సంచుల అక్క తిరిగి చెప్పేటప్పుడు, "బోర్డు మీద మొదటి పేరు నుంచి ఇస్తా" అన్నది. అక్కడికక్కడే సరిచేసుకున్నాం. లేకుంటే మధ్యాహ్నానికి గానీ తెలిసేది కాదు.

ఇంకో రెండు సంగతులు. ఈ పది నిమిషాల్లో నిందలు వద్దు. ఎవరి మీదైనా కోపముంటే సాయంత్రం కూర్చొని తేల్చుకుంటాం. పొద్దున్నే తిట్లు తిన్న మనిషి మరునాడు తన తప్పు చెప్పదు, దాచుకుంటుంది. రెండోది, ఇన్‌చార్జి చివర మాట్లాడాలి. ముందు తక్కువ మాట్లాడే వాళ్లను అడగాలి. మా కాంటా దగ్గరుండే అక్క అసలు నోరు విప్పదు. ఒకరోజు ముందుగా ఆమెను అడిగితే, "కాంటా మీద ఏం పెట్టకున్నా అర కిలో చూపిస్తున్నది" అన్నది. ఎన్ని రోజుల నుంచి అంటే రెండు రోజులు! ఎందుకు చెప్పలేదంటే, "మీకు ఎరికే అనుకున్న. మీరు అడగలే గదా" అన్నది. సంచికి అర కిలో అంటే 400 సంచులకు 2 క్వింటాళ్లు. మిల్లు దగ్గర ఆ తరుగు మన సమాఖ్య మీదే పడుతుంది. ఆ రోజే కాంటా సరిచేయించాం.

మనకు మీటింగులు కొత్త కాదు. పంచసూత్రాల్లో మొదటిదే క్రమం తప్పని సమావేశం. కానీ సంఘం సమావేశం వేరు. అక్కడ కూర్చుంటాం, పొదుపు కడతాం, తీర్మానం రాస్తాం, సంతకాలు పెడతాం. ఈ పొద్దుటి ముచ్చటకు తీర్మానం లేదు, సంతకం లేదు. ఈ ఒక్క రోజు పని సాగితే చాలు.

దీనితో కష్టాలన్నీ తీరాయని చెప్పను. లారీలు ఇప్పటికీ లేటవుతాయి. మొన్న వానాకాలంలో రద్దీ ఎక్కువై ఒకరోజు మాట్లాడుకోకుండానే పనిలోకి దిగాం. ఆ రోజే ఇద్దరు రైతుల వరుస తారుమారై గొడవ అయింది. తీరిక లేదనిపించిన రోజే ఆ పది నిమిషాలు తప్పక నిలబడాలని తెలిసింది.

యూనిఫాంలు కుట్టే అక్కలున్నారు, క్యాంటీన్లు నడిపే అక్కలున్నారు. మీకు కుప్పల బదులు కొలతలు, లారీల బదులు గ్యాస్ సిలిండర్లు. అడగాల్సిన నాలుగు సంగతులు మాత్రం అవే. ఒక పదిహేను రోజులు చేసి చూడండి. మొదట్లో కుదరకుంటే మానకండి, మాకూ కుదరలేదు.

వడ్లు పోగొట్టుకున్న ఆమె ఆ తర్వాతి సీజన్లో మళ్లీ మా కేంద్రానికే తెచ్చింది. పొద్దున మేం మాట్లాడుకుంటుంటే వచ్చి పక్కన నిలబడింది. బోర్డు మీద తన పేరు చూసుకొని, "తేమ చూసే పిల్ల ఇయ్యాల రాకుంటే ఎవరు చూస్తరు?" అని అడిగింది. ఇద్దరు అక్కలు ఒక్కసారే జవాబు చెప్పారు. సరేనని తన కుప్ప దగ్గరికి పోయింది. మధ్యాహ్నం లోపే ఆమె వడ్లు కాంటా అయ్యాయి.