పక్కన కూర్చోబెట్టి నేర్పే డిగ్రీ

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం వాళ్లు నన్ను 'సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు, మన పిల్లలు' అనే విషయం మీద మాట్లాడమన్నారు. ఆ మాట కింద వంద సంగతులు చెప్పొచ్చు. నేను ఒక్క ప్రశ్నకే పరిమితమవుతాను. మన ఊరి పిల్ల మూడేళ్లు బి.ఎస్‌సి. కంప్యూటర్స్ చదివి, పట్టా చేత పట్టుకుని, మళ్లీ అమీర్‌పేటలో ఏడాది కోచింగ్ ఎందుకు తీసుకోవాలి? ఆ ఏడాది ఫీజు, హాస్టల్ ఖర్చు ఆ పిల్ల తండ్రి ఎందుకు భరించాలి? భరించలేని తండ్రి కూతురి సంగతేమిటి?

ఈ ప్రశ్నకు సమాధానం డోర్నకల్ వాళ్లకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. మనది జంక్షన్ ఊరు. మనలో చాలామంది ఇళ్లల్లో తాతో, తండ్రో, మేనమామో రైల్వేలో చేసినవాళ్లే. ఇంజన్ నడపడం వాళ్లకు ఎవరు నేర్పారు? రైల్వే నేర్పింది. కొన్నాళ్లు తరగతిలో సిగ్నళ్లు, నిబంధనలు. తర్వాత ఇంజన్ మీద అనుభవమున్న డ్రైవర్ పక్కన నిలబడి పని. మళ్లీ తరగతి, మళ్లీ పరీక్ష, పై మెట్టు. నేర్చుకునే కాలంలో చేతికి ఎంతో కొంత జీతం వచ్చేది. 'ముందు బయట ఎక్కడైనా డబ్బు కట్టి ఇంజన్ తోలడం నేర్చుకుని రా, అప్పుడు చూద్దాం' అని రైల్వే ఎవరితోనూ అనలేదు.

ఇది కింది స్థాయి పనులకే కాదు. 1927 నుంచి బీహార్‌లోని జమాల్‌పూర్ వర్క్‌షాపులో రైల్వే తన మెకానికల్ ఇంజినీర్లను కూడా ఇలాగే తయారు చేసుకుంది. ఇంటర్ చదువు స్థాయి కుర్రాళ్లను ఎంపిక చేసి, వర్క్‌షాపు పనీ ఇంజినీరింగ్ చదువూ కలిపి నేర్పింది. తర్వాత 1961లో దేశమంతటికీ అప్రెంటిస్‌ల చట్టం వచ్చింది. మొదట అది ఫిట్టర్, టర్నర్ వంటి పనులకు. 1973 సవరణతో ఇంజినీరింగ్ పట్టభద్రులు, డిప్లొమావాళ్లు అందులోకి వచ్చారు. 2014 సవరణతో ఇంజినీరింగ్ కాని డిగ్రీ వాళ్లకూ తలుపు తెరుచుకుంది. అంటే మన బి.ఎస్‌సి., బి.కాం. పిల్లలకు కూడా.

సాఫ్ట్‌వేర్‌కు వచ్చేసరికి ఈ వరస తలకిందులైంది. మనిషి కావాల్సింది కంపెనీకి, తయారు చేసే ఖర్చు మాత్రం ఇంటివాళ్లది. కాలేజీ 'సిలబస్ పూర్తి చేశాం' అంటుంది. కంపెనీ 'ఈ పిల్లలకు పని రాదు' అంటుంది. ఇద్దరి మాటా నిజమే. మధ్యలో నలిగేది పిల్లలు.

నేను ఇరవై ఏళ్లుగా ఈ రంగంలో ఉన్నాను. కొత్తవాళ్లను ఇంటర్వ్యూ చేయడం నా పనిలో ఒక భాగం. తేడా ఎక్కడుందో నాకు కనిపించింది చెబుతాను. కాలేజీ ల్యాబ్‌లో ప్రోగ్రాం అంటే యాభై లైన్లు. ఖాళీ పేజీతో మొదలవుతుంది. నడిచిందా, మార్కులు పడ్డాయా, రికార్డు పుస్తకంలో ఎక్కిందా, అయిపోయింది. దాన్ని మళ్లీ ఎవరూ తెరవరు. ఆఫీసులో ఖాళీ పేజీ దాదాపు ఉండదు. ఎవరో పదేళ్ల కింద రాసిపోయిన లక్షల లైన్ల ప్రోగ్రాం ఉంటుంది. అందులో పది లైన్లు మార్చాలి. మార్చినందువల్ల మిగతాదేదీ చెడిపోలేదని పరీక్షించి చూపాలి. ఎందుకు మార్చావో తోటివాళ్లకు అర్థమయ్యేలా రాయాలి. రాత్రి ఏదైనా ఆగిపోతే ఎక్కడ ఆగిందో వెతకాలి.

ఇది పుస్తకం చదివితే వచ్చే విద్య కాదు. ఈత లాంటిది. నీళ్లలో దిగాలి, పక్కన ఈత వచ్చినవాడు ఉండాలి. ఆ నీళ్లు కంపెనీ దగ్గర ఉన్నాయి. ఎంత మంచి లెక్చరర్ అయినా లక్షల లైన్ల పాత ప్రోగ్రాంను, దాన్ని రోజూ వాడే ఖాతాదారులను తరగతి గదిలోకి తేలేడు. అందుకే ఈ డిగ్రీ కాలేజీ ఒక్కటే ఇవ్వగలిగింది కాదు, కంపెనీ ఒక్కటే ఇవ్వగలిగింది కూడా కాదు. ఇద్దరూ కలిసి ఇవ్వాలి.

ఇలా కలిసి చేసినవాళ్లు లేరా అంటే ఉన్నారు. కెనడాలో వాటర్‌లూ విశ్వవిద్యాలయం 1957లో మొదలైనప్పుడే కొన్ని నెలలు చదువు, కొన్ని నెలలు ఉద్యోగం అనే పద్ధతి పెట్టుకుంది. జర్మనీలో 1974లో స్టుట్‌గార్ట్ ప్రాంతంలో డైమ్లర్ బెంజ్, బాష్ వంటి కంపెనీలు ప్రభుత్వంతో కలిసి ఒక కొత్త రకం కాలేజీ పెట్టాయి. అక్కడ విద్యార్థి ముందు కంపెనీతో ఒప్పందం చేసుకుంటాడు. మూడు నెలలు తరగతి, మూడు నెలలు కంపెనీ, ఇలా మూడేళ్లు. మూడేళ్లూ జీతం వస్తుంది. అదే 2009లో విశ్వవిద్యాలయమైంది. ఇంగ్లండ్‌లో 2015 నుంచి డిగ్రీ అప్రెంటిస్‌షిప్‌లు ఉన్నాయి. అక్కడ ఫీజు విద్యార్థి కట్టడు. యజమాని, ప్రభుత్వం కడతారు.

మన దగ్గర కూడా విప్రో, బిట్స్ పిలానీ కలిసి 1995లోనే దారి వేశాయి. బి.ఎస్‌సి. చదివినవాళ్లను ఉద్యోగంలోకి తీసుకుని, పని చేస్తుండగానే సాఫ్ట్‌వేర్‌లో పై డిగ్రీ చదివించే పద్ధతి అది. ఇంజినీరింగ్ సీటు కొనలేని ఇళ్ల పిల్లలు ఎందరికో అది నిచ్చెన అయింది. హెచ్.సి.ఎల్. వాళ్ల టెక్‌బీ ఇంకొంచెం ముందే పట్టుకుంటుంది. ఇంటర్‌లో గణితం చదివినవాళ్లకు సుమారు ఏడాది శిక్షణ, ఆపైన ఉద్యోగం, ఉద్యోగం చేస్తూ డిగ్రీ. టి.సి.ఎస్. మరో దారి పట్టింది. కంప్యూటర్ సైన్స్, బిజినెస్ సిస్టమ్స్ కలిపిన ఒక బి.టెక్. సిలబస్‌ను తానే తయారు చేసి కాలేజీలకు ఇచ్చింది. మన రెండు రాష్ట్రాల్లోనూ కొన్ని ఇంజినీరింగ్ కాలేజీలు దాన్ని నడుపుతున్నాయి. హైదరాబాద్‌లో ట్రిపుల్ ఐటీ 1998లో పుట్టినప్పుడే ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంతో పుట్టింది. తొలి రోజుల్లో అక్కడ కంపెనీల పేర్లతోనే కార్పొరేట్ స్కూళ్లు ఉండేవి.

డిగ్రీ కాలేజీలకు కూడా అనుమతి లేక కాదు. యూజీసీ 2014లో బి.వొకేషనల్ డిగ్రీ తెచ్చింది. 2020లో అప్రెంటిస్‌షిప్ కలిసిన డిగ్రీకి మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం మామూలు డిగ్రీలోనే కనీసం ఒక సెమిస్టర్ కంపెనీలో గడపొచ్చు. దానికి క్రెడిట్లు ఉంటాయి. 2019 అప్రెంటిస్‌షిప్ నిబంధనలు డిగ్రీ స్థాయి అప్రెంటిస్‌కు నెలకు కనీసం 9,000 రూపాయల స్టైపెండ్ నిర్ణయించాయి. ముప్ఫై మంది, ఆపైన పనిచేసే సంస్థలు తమ సిబ్బందిలో రెండున్నర నుంచి పదిహేను శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలని కూడా అవే నిబంధనలు చెబుతున్నాయి. కాగితం మీద అన్నీ ఉన్నాయి. లేనిదల్లా కాలేజీ ప్రిన్సిపాల్‌కూ కంపెనీ మేనేజర్‌కూ మధ్య పరిచయం.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. కంపెనీ చేతికి చదువు మొత్తం అప్పగించమని నేను అనడం లేదు. 2000 సంవత్సరం దగ్గర పడుతున్నప్పుడు అమీర్‌పేటలో ఎక్కడ చూసినా కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ బోర్డులే. కంప్యూటర్లలో తేదీల సమస్య సరిచేయడానికి మనుషులు కావాలి కాబట్టి వేలమంది అదే నేర్చుకున్నారు. ఆ పని అయిపోయింది. గట్టి పునాది ఉన్నవాళ్లు వేరే పనికి మళ్లారు. ఆ ఒక్కటే నేర్చుకున్నవాళ్లు ఇబ్బంది పడ్డారు. ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చి మామూలు కోడ్‌ను తానే రాసిపెడుతోంది. రాసింది సరైనదో కాదో చెప్పగలిగిన మనిషికే ఇక విలువ. అందుకే పని పంపకం స్పష్టంగా ఉండాలి. గణితం, తర్కం, డేటా స్ట్రక్చర్లు, నాలుగు వాక్యాలు సూటిగా రాయడం, ఇవి కాలేజీ బాధ్యత. ఇవి నలభై ఏళ్లు పనికొస్తాయి. ఈ ఏడాది వాడే పనిముట్లు, జట్టుగా పనిచేయడం, ఖాతాదారుతో మాట్లాడడం, ఇవి కంపెనీ బాధ్యత. ఒకరి పని ఇంకొకరి మీద తోస్తే మళ్లీ మొదటికే వస్తాం.

తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు ఇలాంటి కోర్సు ఏదైనా కనబడితే అయిదు ప్రశ్నలు అడగాలి. ఒకటి, పట్టా ఇచ్చేది ఎవరు? దానికి యూజీసీ గుర్తింపు ఉందా? రెండు, ఫీజు ఎవరు కడతారు, స్టైపెండ్ ఏ నెల నుంచి వస్తుంది? మూడు, బాండ్ ఎన్నేళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి? నాలుగు, మధ్యలో ఆపితే అప్పటిదాకా చదివిన చదువుకు లెక్క ఉంటుందా? అయిదు, కంపెనీలో మా పిల్ల పక్కన కూర్చుని నేర్పే మనిషి ఎవరు? ఈ అయిదో ప్రశ్న ఎవరూ అడగరు. అసలైన ప్రశ్న అదే. నేర్పే మనిషి లేకపోతే అది అప్రెంటిస్‌షిప్ కాదు, తక్కువ జీతానికి చాకిరీ.

బాండ్ గురించి ఒక మాట. 'నేర్పాక వెళ్లిపోతారు, మేమెందుకు ఖర్చు పెట్టాలి' అని కంపెనీలు అంటాయి. వాళ్ల భయం వాళ్లది. కానీ సంతకం పెట్టే పిల్లవాడి వయసు పద్దెనిమిది. ఇంగ్లీషులో ఉన్న ఎనిమిది పేజీల ఒప్పందం తండ్రి చదవలేడు. మన సంఘంలో లాయర్లు ఉన్నారు. ఆ కాగితాన్ని తెలుగులో చదివి వినిపించడానికి ఒక గంట చాలు.

ఇదంతా హైదరాబాద్ సంగతి, మనకేమిటి అనుకోవద్దు. 2020 జనవరిలో వరంగల్ పక్కన మడికొండలో సైయెంట్, టెక్ మహీంద్రా ఆఫీసులు తెరుచుకున్నాయి. అదే ఏడాది డిసెంబరులో ఖమ్మంలో ఐటీ హబ్ వచ్చింది. ఈ రెండు ఊళ్ల మధ్య రైలు మార్గం మీద మనం ఉన్నాం. మహబూబాబాద్‌లోనో ఖమ్మంలోనో డిగ్రీ చదివే మన పిల్లలు సీజన్ టికెట్ మీద వెళ్లి రాగలిగిన దూరం ఖమ్మం. పెద్ద కంపెనీలు సొంతంగా శిక్షణ కేంద్రాలు కట్టుకోగలవు. ఖమ్మం, వరంగల్‌లోని చిన్న కంపెనీలకు ఆ శక్తి లేదు. కాలేజీతో చేయి కలిపే అవసరం నిజానికి వాళ్లకే ఎక్కువ. ముఖ్యంగా ఆడపిల్లలకు ఇది పెద్ద తేడా. హైదరాబాద్ హాస్టల్ అనగానే 'వద్దులే' అనే ఇల్లు, సాయంత్రం బండికి తిరిగొచ్చే పని అంటే ఒప్పుకుంటుంది.

మన సంఘం ఏం చేయగలదో మూడు మాటల్లో చెప్పి ముగిస్తాను.

మొదటిది, సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ప్రతి పూర్వ విద్యార్థీ తన కంపెనీ హెచ్.ఆర్. వాళ్లను ఒక్క మాట అడగాలి: 'మన కంపెనీ కేంద్ర ప్రభుత్వ నాట్స్ పోర్టల్‌లో నమోదై ఉందా? డిగ్రీ విద్యార్థులను అప్రెంటిస్‌లుగా తీసుకుంటున్నామా?' లేదంటే ఎందుకు లేదో కనుక్కోవాలి. ఆ సమాధానాలు సంఘం ఒక పుస్తకంలో రాసి పెడితే, దాన్ని పట్టుకుని దగ్గరి డిగ్రీ కాలేజీల ప్రిన్సిపాళ్ల దగ్గరికి వెళ్లొచ్చు.

రెండోది, నెలకు రెండు శనివారాలు, ఒక్కో గంట. మన బడి నుంచి వెళ్లి ఇప్పుడు కంప్యూటర్ డిగ్రీ చదువుతున్న పిల్లలు రాసిన ప్రోగ్రాంలను వీడియో కాల్‌లో మనలో ఒకరు చూసి, తప్పులు చెప్పాలి. ఒక్కో పెద్దకు ఇద్దరు పిల్లలు చాలు. పాఠం చెప్పక్కర్లేదు. పక్కన కూర్చుంటే చాలు.

మూడోది ఈ వేదిక మీది గురువులకు విన్నపం. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల్లో మీరు చెప్పే లెక్కలే ఈ మొత్తానికి పునాది. పిల్లలు జవాబు బట్టీ పట్టకుండా, 'ఎందుకు' అని అడిగితే విసుక్కోకుండా మీరు మాకు చెప్పారు. మాలో చాలామంది ఇప్పటికీ ఆ అలవాటు మీదే బతుకుతున్నాం. ఈ పిల్లలకూ అదే ఇవ్వండి. పైది మేం చూసుకుంటాం.

యాభై ఏళ్లుగా ఈ బడి మనల్ని రైల్వేకి, బొగ్గుగనులకు, బళ్లకు, ఆసుపత్రులకు, ఇప్పుడు కంప్యూటర్లకు పంపింది. వచ్చే ఏడాది సమావేశంలో ఇంకో ప్రసంగం వద్దు. ఎంతమంది పిల్లలు అప్రెంటిస్‌లుగా చేరారో ఆ లెక్క చదవండి. అది రెండే అయినా నేను సంతోషంగా వింటాను.