రాయాలంటే ఒక్క విషయం పట్టుకోండి
(చంద్రపూర్‌లో తెలుగు యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



రాయాలన్న ఆసక్తి మీలో చాలామందికి ఉంది. అయితే అందరూ అడుగుతున్నవి రెండు ప్రశ్నలు. ఏం రాయాలి? రాస్తే ఎవరు చదువుతారు? నా దృష్టిలో ఈ రెండూ ఒకే ప్రశ్న. ఏం రాస్తామో తేలితే ఎవరు చదువుతారో కూడా తేలిపోతుంది.

కొత్తగా రాసేవాళ్లు ఎక్కువమంది చేసే పని చూడండి. మొదటి వారం పేదరికం గురించి రాస్తారు. రెండో వారం అవినీతి, మూడో వారం పండుగ సందేశం, నాలుగో వారం క్రికెట్. ఐదో వారం వచ్చేసరికి కలం కదలదు. పేదరికం గురించి మనకంటే ముందు, మనకంటే బాగా రాసినవాళ్లు ఎందరో ఉన్నారు. మరి పాఠకుడు మన దగ్గరికే ఎందుకు రావాలి? ఇంకెక్కడా దొరకనిది మన దగ్గర దొరికితే వస్తాడు.

ఈ ఊరికి అంబేద్కర్ గారితో ఉన్న సంబంధం మీకు తెలుసు. నాగపూర్‌లో దీక్ష తీసుకున్న రెండు రోజులకే, 1956 అక్టోబరు 16న ఆయన ఇక్కడికి వచ్చి వేలాదిమందికి దీక్ష ఇచ్చారు. అదే అంబేద్కర్ గారు 1920 జనవరి 31న ఒక మరాఠీ పక్షపత్రిక ప్రారంభించారు. దాని పేరు 'మూక్‌నాయక్', అంటే మూగవారి నాయకుడు. అప్పటికే మరాఠీలో పత్రికలు చాలా ఉన్నాయి. కానీ ఇది ఎవరి కోసమో, దేని గురించో పేరులోనే తెలిసిపోయేది. మీరు రాయబోయేదాన్ని కూడా అలా రెండు మాటల్లో చెప్పగలరా? చెప్పలేకపోతే విషయం ఇంకా ఖాయం కాలేదని అర్థం.

మనవాళ్లలోనే ఒకరి సంగతి చెప్తాను. బెజవాడ విల్సన్ గారు 1966లో కర్ణాటకలోని కోలార్ బంగారు గనుల్లో పుట్టారు. చేతులతో మలం ఎత్తే పని చేసిన దళిత కుటుంబం వారిది. కొంతకాలం మన కుప్పంలో చదువుకున్నారు. మాట్లాడదలచుకుంటే ఆయన ముందు ఎన్ని విషయాలు లేవు! కులం, గని కార్మికుల జీతాలు, తాగుడు, చదువు. ఆయన ఒక్కటే పట్టుకున్నారు: నీళ్లు లేని పాయిఖానాలు, వాటిని చేతులతో శుభ్రం చేసే మనుషులు. ఫోటోలు తీశారు. అధికారులకు ఉత్తరాలు రాశారు. ఈ పనిని నిషేధిస్తూ 1993లో చట్టం వచ్చింది కాబట్టి మా రాష్ట్రంలో అలాంటివి లేవని ప్రభుత్వాలు చెప్పేవి. సఫాయి కర్మచారి ఆందోళన్ కార్యకర్తలు ఊరూరా తిరిగి, లెక్కపెట్టి, ఫోటోలతో సహా చూపించారు. 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2014 మార్చి 27న తీర్పు వచ్చింది. 1993 నుంచి మురుగు కాల్వల్లో చనిపోయినవారి కుటుంబాలకు పది లక్షల రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని కోర్టు ఆదేశించింది. 2016లో విల్సన్ గారికి మెగసెసె అవార్డు వచ్చింది.

విషయం చిన్నదైతే త్వరగా అయిపోతుందని కొందరి భయం. ఆ ఒక్క పాయిఖానా గోడ వెనక ఏమేమి బయటపడ్డాయో చూడండి. కులం బయటపడింది, ఆడవాళ్ల శ్రమ బయటపడింది, మున్సిపాలిటీల నిర్లక్ష్యం, ప్రభుత్వాల అబద్ధం బయటపడ్డాయి. చిన్న బావిని లోతుగా తవ్వితే నీళ్లు పడతాయి. ఊరంతా జానెడు లోతు తవ్వితే దుమ్మే లేస్తుంది.

ఇప్పుడు మన చంద్రపూర్ సంగతికి వద్దాం. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో 88 పారిశ్రామిక ప్రాంతాలను పరిశీలించి 43 చోట్ల కాలుష్యం తీవ్రంగా ఉందని తేల్చింది. ఆ పట్టికలో చంద్రపూర్ది నాలుగో స్థానం. 'కాలుష్యం' అనేది పెద్ద మాట. దాని మీద రాయకండి. మీ వీధిలో ఆరబెట్టిన బట్టల మీద ఏ నెలలో ఎంత బొగ్గు దుమ్ము పడుతుందో ఏడాది పాటు రాయండి. 'కార్మికుల ఆరోగ్యం' కూడా పెద్ద మాటే. గని కార్మికుడికి క్రమం తప్పకుండా వైద్య పరీక్ష చేయించాలని నిబంధన ఉంది. కాంట్రాక్టు కింద పనిచేసే మన తెలుగువాళ్లకు అది జరుగుతోందా? ఒక్కొక్కరినీ అడిగి రాయండి. ఈ జిల్లాలో 2015 ఏప్రిల్ 1న మద్యనిషేధం వచ్చింది, 2021లో ఎత్తేశారు. ఆ ఆరేళ్లలో, ఆ తర్వాత, మీ పేటలో ఇంటి ఖర్చు ఎలా మారిందో అమ్మలను, అక్కలను అడగండి. వాళ్లు చెప్పేది మీరు రాయకపోతే ఎవరు రాస్తారు?

విషయం ఎంచుకునేముందు మూడు పరీక్షలు పెట్టుకోండి. ఒకటి, దాని మీద పన్నెండు శీర్షికలు ఒక్క కూర్చోవడంలో రాయగలరా? ఆరు దగ్గరే ఆగిపోతే అది మీ విషయం కాదు. రెండు, నడిచి వెళ్లి కళ్లారా చూడగలరా? మూడు, ఎవరి గురించి రాస్తున్నారో వాళ్లు దాన్ని చదవగలరా? ఈ మూడోది మనకు మరీ ముఖ్యం. ఇక్కడ చాలా ఇళ్లల్లో అమ్మానాన్నలకు తెలుగు అక్షరం వస్తుంది, పిల్లలకు మరాఠీ వస్తుంది. అందుకే చదివి వినిపిస్తే ఇద్దరికీ అర్థమయ్యేలా, ఇంట్లో మాట్లాడే తెలుగులో రాయండి.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. మీ రాతకు వెల ఇంకొకరు చెల్లించకూడదు. కాంట్రాక్టు కార్మికుడి పేరు, ఫోటో బయటపెడితే మీకు పాఠకులు పెరుగుతారేమో గాని అతని పని పోవచ్చు. అడగండి, ఒప్పుకుంటేనే రాయండి. వద్దంటే పేరు దాచండి. న్యాయం కోసం రాసేవాడు ముందుగా న్యాయం చేయవలసింది తనకు కథ చెప్పిన మనిషికే.

నెహెమ్యా గ్రంథం మీరు చదివే ఉంటారు. కూలిన యెరూషలేము గోడను ఆయన ముందు రాత్రివేళ తిరిగి చూశాడు, ఆ తర్వాతే పని సంగతి ఎత్తాడు. చాలామంది ఎవరి ఇంటి ఎదుటి భాగాన్ని వాళ్లే కట్టుకున్నారు. గోడంతా నేనే కడతానని ఎవరూ బయల్దేరలేదు. గోడ మాత్రం పూర్తయింది.

ఈ వారం మీరు వ్యాసం రాయనక్కర్లేదు. ఒక్క వాక్యం రాసుకోండి: 'నేను ఫలానా విషయం గురించి, ఫలానా వాళ్ల కోసం, ఏడాది పాటు రాస్తాను.' అది మీ స్నేహితుడికి చూపించండి. అతను వెంటనే ఒక ప్రశ్న అడిగాడంటే మీకు మొదటి పాఠకుడు దొరికినట్టే. ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి బయల్దేరండి.