ట్రాక్టరు బలము – ట్రాలీ బరువు

నేడు మన గ్రామములలో ట్రాక్టరు దుక్కికన్న మోతకే హెచ్చుగా ఉపయోగపడుచున్నది. వడ్లు, చెఱకు, ఇసుక, ఇటుకలు, ఏది కదలవలెనన్నను దానికి వెనుక ట్రాలీ కట్టవలసినదే. ట్రాలీ యేటేట పెద్ద దగుచున్నది. ట్రాక్టరు మాత్రము కొన్ననాటిదే. కావున దీనికే మఱికొంత బలము చేకూర్పరాదా యను కోరిక యజమానికి కలుగుట సహజము.

నాయొద్ద చదువుకొన్న రైతొకడు ఇటీవల వచ్చి, "మాస్టారుగారూ, డీజిలు పంపు సీలు విప్పి మర కొంచెము త్రిప్పినచో 40 గుఱ్ఱముల బండి 50 గుఱ్ఱముల దగునట గదా!" అని యడిగెను. మెకానిక్కు ఒకడు వాని కట్లు చెప్పియున్నాడు. "బలము కొంత పెరుగవచ్చును నాయనా, అది నీకు వలయునా యని ముందు లెక్క చూతము" అంటిని. నేను పలక కొఱకు చూచుచుండగా వాడు సెల్‌ఫోను తీసెను.

గుఱ్ఱపు బల మనగా 75 కిలోల బరువును సెకనునకు ఒక మీటరు చొప్పున పైకెత్తు శక్తి. ఒరపిడికి పోగా, 40 గుఱ్ఱములలో 30 చక్రములకు చేరుననుకొందము. ట్రాక్టరు 2 టన్నులు, సరకుతో గూడ ట్రాలీ 6 టన్నులు. 20 అడుగులకు ఒక అడుగు ఎత్తు లేచు వంతెన యెక్కుటకు 400 కిలోల లాగుడు, రోడ్డు ఒరపిడికి సుమారు 160, మొత్తము 560 కిలోల లాగుడు వలయును. బండి గంటకు 14 కిలోమీటర్ల వేగముతో ఎక్కును. ట్రాలీ 9 టన్నులైనచో లాగుడు 770 కిలోలగును; వేగము పదిన్నర కిలోమీటర్లకు తగ్గును. అయినను ఎక్కుచునే యున్నది! 50 గుఱ్ఱములు చేసినచో 200 మీటర్ల యెక్కుడులో మనకు మిగులునది సుమారు 14 సెకనులు. బురదదారిలో నైతే అదియు మిగులదు. అచట కొఱవడునది ఇంజను బలము కాదు, టైరునకు నేలమీది పట్టు. ఎంత బలమున్నను చక్రము నిలిచినచోటనే తిరుగును.

ఇక ఆ మర సంగతి. ఒక కిలో డీజిలు చక్కగా మండుటకు 14 కిలోలకు పైగా గాలి వలయును. మర త్రిప్పినచో డీజిలు హెచ్చును గాని గాలి హెచ్చదు. మండక మిగిలినది నల్లని పొగయై పోవును, వేడి పిస్టనులకును, హెడ్డునకును తగులును, క్లచ్చి జారును. మోయలేని యెద్దు మోకరిల్లి చెప్పును, ట్రాక్టరు పొగతో చెప్పును. గాలిని గూడ హెచ్చుగా నెట్టు టర్బో యను సాధనము కలదు. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లో దానికి పేటెంటు పొందెను. కంపెనీవారు ఆ వేడికి తగినట్లు పిస్టనులు, చల్లబఱచు ఏర్పాటు చేసి అమర్చిన ఇంజనులలో అది మేలైనదే. పాత ఇంజనుకు తరువాత తగిలించుట వేఱు మాట.

కొత్త బలమునకు డబ్బు పెట్టుటకు ముందు పోయిన బలమును తిరిగి రాబట్టుకొనుట మంచిది. నూర్పిళ్ల కాలమున గాలి వడపోతలో దుమ్మును, రేడియేటరు రెక్కలలో పొట్టును చేరును. నాజిళ్లు అరుగును, వాల్వుల సందు మాఱును. ట్రాలీ టైర్లలో గాలి తగ్గినను, బేరింగులలో గ్రీజు లేకున్నను లాగుడు పెరుగును. వీనిని సరిచేయించిన చాలామంది పంపు మాటయే మఱచెదరు.

నా శిష్యునితో ఎక్కుడు లెక్క తేలిన పిమ్మట దిగుడు మాట యెత్తితిని. వాని ట్రాలీకి బ్రేకులు లేవు. ఒంటి ట్రాక్టరు ఆగు దూరముకన్న, 9 టన్నుల ట్రాలీని ట్రాక్టరు బ్రేకులే ఆపవలసి వచ్చినపుడు పట్టు దూరము ఐదున్నర రెట్లు. వేగము రెండింత లైనచో అది మఱల నాలుగింతలు. దిగుడులో ట్రాలీ వెనుకనుండి త్రోయును. ట్రాక్టరు అడ్డము తిరుగును. అట్టి సమయమున 50 గుఱ్ఱములు డ్రైవరునకు ఏమి సాయము చేయగలవు? కావున ట్రాలీకి వేఱుగ బ్రేకులు పెట్టింపుమని, దిగుటకు ముందే చిన్న గేరు వేసికొమ్మని, గేరు తీసి బండిని జాఱవిడువవలదని చెప్పితిని. చట్టము మాటయు చెప్పితిని: 1988 మోటారు వాహనముల చట్టమునకు 2019లో చేసిన సవరణ ప్రకారము మితిమీఱిన బరువునకు జరిమానా 20,000 రూపాయలు, హెచ్చయిన ప్రతి టన్నుకు మఱి 2,000.

బరువు సర్దుట ఎద్దుబండి తోలిన పెద్దలకు నేను చెప్పవలసిన పని లేదు. రెండు చక్రముల ట్రాలీలో బరువు ఇరుసునకు కొంచెము ముందుండవలెను. వెనుకకు పడినచో కొక్కెము పైకి లేచి ట్రాక్టరు పెద్దచక్రముల పట్టు పోవును. ట్రాలీని క్రిందనున్న డ్రాబారుకే తగిలింపవలెను. పైన, ఇరుసుకన్న ఎత్తున కట్టి లాగినచో ముందుచక్రములు లేచి బండి డ్రైవరుమీదకే తిరుగబడును. తగిలించిన పిన్నునకు క్లిప్పు పెట్టి, దానికి తోడు గొలుసు వేయవలెను. ఇనుపచువ్వ ముక్కను పిన్నుగా దూర్చి వాడుట మా యూరిలోనే చూచుచున్నాను. అది విఱుగునపుడు చప్పుడు గూడ వినబడదు.