పక్షాభిమానము – పత్రికాపఠనము
(వార్షిక మహాసభయందు చేయబడిన ఉపన్యాసము)



మన విద్యార్థి వసతిగృహపు పఠనమందిరమునకు ఇకమీదట ఒక్క దినపత్రికను మాత్రమే తెప్పింపవలయునని ఒక తీర్మానము నేడు సభయెదుటికి రానున్నది. అది యే పత్రిక కావలయునను విషయమున కార్యవర్గమువారికే యేకాభిప్రాయము కుదరలేదు. ఈ వివాదము పైకి స్వల్పముగా గన్పట్టినను దీని వేరు లోతైనది. కావున నాలుగు మాటలు మనవి చేసికొనుచున్నాను.

మనుష్యుడు పత్రికను జదివి పక్షము నేర్పఱచుకొనునని మనము తలంతుము. పెక్కుసారులు జరుగునది దీనికి విపరీతము. ముందు పక్షము, పిదప పత్రిక. తనకు నచ్చిన మాట చెప్పునదియే సత్యవాదిగా దోచును. తక్కినవన్నియు అమ్ముడుపోయినవిగా దోచును.

ఇది నేటి వింత గాదు. 1902లో బందరున వెలసిన కృష్ణాపత్రికను, 1914లో మద్రాసున దినపత్రికయైన ఆంధ్రపత్రికను స్వరాజ్యాభిమానులు అక్కున జేర్చుకొనిరి. బ్రాహ్మణేతరోద్యమ నాయకులు 1917లో ఇంగ్లీషున జస్టిస్ పత్రికను నెలకొల్పిరి; తుదకు ఆ పత్రిక పేరే వారి పక్షమునకు స్థిరపడెను. ఉర్దూ రాజభాషగా నున్న నిజాం రాష్ట్రమున 1926లో సురవరము ప్రతాపరెడ్డిగారి గోలకొండపత్రిక తెలుగువారికి గొంతునిచ్చెను.

పక్షమునుబట్టి పత్రికయే కాదు, చెప్పు తీరును మాఱును. చదువు రాని రైతుకూలీలకు అచ్చుపుటకంటె పాట చేరువ యని యెఱిగిన సామ్యవాదులు 1943లో ప్రజానాట్యమండలిని స్థాపించి, బుఱ్ఱకథను ఊరూరికి గొనిపోయిరి. 1982లో నందమూరి తారకరామారావుగారు చైతన్యరథమెక్కి వీధివీధిని నిలిచి ప్రసంగించిరి. 1974లో విశాఖపట్టణమున బుట్టిన ఈనాడు 1983 ఎన్నికలలో ఆయన పక్షమునకు బాసటయయ్యెను. 2008లో వై. యస్. జగన్మోహనరెడ్డిగారు సాక్షిని స్థాపించిరి. 2011లో ప్రత్యేక రాష్ట్రవాదమును జాటుచు నమస్తే తెలంగాణ వెలువడెను.

పక్షముగల పత్రిక యుండుట దోషము గాదు. లోకమున పెక్కు ఉద్యమములు అట్టి పత్రికలవలన బలపడినవి. ఒక్క పత్రికనే చదువుటయే దోషము. పూర్వము రచ్చబండకడ ఒకడు పత్రిక చదువుచుండ పదుగురు విని ప్రశ్నించెడివారు. నేడు ఎవరి ఫోను వారిది. వాట్సాపు బృందమున మనకు నచ్చినవారే యుందురు; నచ్చనివానిని తొలగింతుము. ఎన్నికల దినములలో అన్నదమ్ములే పలుకరించుకొనని యిండ్లు మనలో నెన్ని లేవు?

పలు పత్రికలు దెప్పించినచో పిల్లలు తగవులాడుదురని కొందఱు పెద్దల భయము. ఆ తగవులు ఫోనులయందు ఇదివఱకే జరుగుచున్నవి. అచట మందలించువారు లేరు. ధనవ్యయ మధికమగునందురా? సన్మానసభలకు మనము గొను పూలదండలలో కొన్ని తగ్గించిన చాలును.

కావున నేను ప్రతిపాదించు సవరణ యిది: పరస్పర విరుద్ధపక్షములకు జెందిన రెండు తెలుగు పత్రికలను, ఒక ఇంగ్లీషు పత్రికను తెప్పింపవలయును. ప్రతి యాదివారమునను ఒక విద్యార్థి ఒకే వార్తను రెండు పత్రికలనుండియు చదివి వినిపింపవలయును. ఏది విడువబడినదో, ఏది పెంచబడినదో తక్కినవారు చెప్పవలయును.

మన పిల్లలు రేపు ఏ పక్షమున జేరినను జేరుదురు గాక; అది వారి స్వాతంత్ర్యము. ఆ పక్షమును వారికి మనము ముందుగా నేర్పఱచి పెట్టరాదు. ఈ సవరణను ఆమోదింప సభవారిని ప్రార్థించుచు సెలవు గైకొనుచున్నాను.